చావుపిట్టను చూపించిన పంతులమ్మ

త్యోలో కొండల మీదికి చిపెరోని దిగిందంటే ఎదుటి మనిషి గొంతు వినబడుతుంది గానీ ముఖం కనబడదు. అది మంచూ కాదు, వానా కాదు. రెండూ కలిసిన ఒక తెల్లటి తడి. చలికాలం రాగానే తేయాకు తోటల మీదుగా పాకుతూ వచ్చి, బడి వెనక ఉన్న సమాధుల తోపులో చేరి, రోజుల తరబడి అక్కడే కదలకుండా కూర్చుంటుంది.

ఆ తోపులో ఎవరూ చెట్టు కొట్టరు. ఎండుపుల్ల ఏరుకోవడానికి కూడా పోరు. కొండలన్నీ నరికి తోటలు వేసేశాక మిగిలిన అడవి అదొక్కటే. అందుకని ఇంకెక్కడా చోటు దొరకని ప్రాణులన్నీ చచ్చిపోయినవాళ్ల మధ్య చేరి బతుకుతున్నాయి. గబ్బిలాలు, జెర్రులు, చేతివేలంత లావు రోకలిబండలు, గూబలు. అక్కడి నుంచి ఏది బయటికి వచ్చినా ఊళ్లో వాళ్లకి అది ఉత్త పురుగో పిట్టో కాదు. ఎవరో పంపగా వచ్చినది.

ఆ తోపుకి ఆనుకుని ఉన్న బడిలో ఎనెలెస్ నంగ్వాలే మూడో తరగతికి పంతులమ్మ. పొట్టి మనిషి. నడుముకి ఎప్పుడూ ఒక పాత చితెంజే గుడ్డ చుట్టుకుని, చేతిలో బెత్తం బదులు గొడుగు పట్టుకుని తిరిగేది. ఆమె మీద ఊళ్లో రకరకాల మాటలు పుట్టడానికి మొదటి కారణం ఒక ఊసరవెల్లి.

ఒకరోజు బడి గేటు దగ్గర పిల్లలు గుంపుగా చేరి ఊసరవెల్లి నోట్లో పొగాకు కుక్కుతున్నారు. పాత కక్ష అది. మనుషులకు చావు లేదని చెప్పి రమ్మని దేవుడు ఊసరవెల్లిని పంపాడట. అది ఊగుతూ ఊగుతూ ఒక్కో అడుగే వేస్తుంటే, వెనక బయలుదేరిన బల్లి ముందొచ్చి చావు ఉందని చెప్పేసిందట. అప్పటి నుంచి ఊసరవెల్లి కనబడితే ఇదే శిక్ష.

"ఏం చేస్తున్నార్రా?" అంది ఎనెలెస్.

"దీని వల్లే కదా మేడమ్ మా తాత చచ్చిపోయాడు," అన్నాడొకడు.

"మీ తాత తాగి తాగి చచ్చాడ్రా, దీన్నంటావేం," అన్నాడు పక్కవాడు. అందరూ నవ్వారు.

ఎనెలెస్ చెయ్యి చాపింది. అది చల్లటి పాదాలతో వేళ్లు పట్టుకుని, ఊగుతూ, మోచేతి దాకా ఎక్కింది. ఒక కన్ను ఆమెను చూస్తోంది, ఇంకో కన్ను వెనక్కి తిరిగి పిల్లల్ని చూస్తోంది. పిల్లలు కెవ్వుమని దూరం జరిగారు.

"ఇది ఆలస్యంగా వచ్చింది, నిజమే," అంది ఎనెలెస్. "మరి రోజూ బడికి ఆలస్యంగా వచ్చేవాళ్లు ఈ గుంపులో ఎవరెవరు? నోళ్లు తెరవండి. పొగాకు ఇంకా మిగిలే ఉందిగా."

దాన్ని తీసుకెళ్లి తోపు అంచున కొమ్మ మీద వదిలింది. ఆ తర్వాత బడి వెనక్కి వెళ్లి, గోడ పట్టుకుని, పొద్దున తిన్నదంతా కక్కేసింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఎనెలెస్‌కి ఆ ప్రాణులంటే ప్రేమ అని ఊరంతా అనుకునేది. ఆమెకు వాటిని తలుచుకుంటే ఒళ్లు జలదరించేది. గూబ అంటే మరీను.

దానికో కారణం ఉంది. పాలపళ్లు ఊడే వయసులో ఆమె ములాంజె కొండకి అవతల, అమ్మమ్మ దగ్గర ఉండేది. ఊళ్లో వరసగా చావులు జరిగిన ఏడాది, మగవాళ్లు ఒక తెల్ల గూబను వల వేసి పట్టుకున్నారు. పట్టపగలు, అందరూ చూస్తుండగా, కిరసనాయిలు పోసి నిప్పంటించి గాల్లోకి వదిలారు. అది అరవలేదు. మండుతూనే రెక్కలు ఆడిస్తూ, ఊరి మీద ఒక చుట్టు తిరిగి, అమ్మమ్మ ఇంటి గడ్డి కప్పు మీద పడింది.

"చూశారా!" అన్నారెవరో. "తనని పంపిన మనిషి ఇంటికే పోయి చేరింది."

ఇల్లు కాలిపోయింది. అమ్మమ్మ బయటపడింది గానీ ఆ ఊళ్లో ఇక ఉండలేకపోయింది. మనవరాలిని వీపున కట్టుకుని తెల్లారేలోపు కొండ దాటింది. ఆ రెక్కల చప్పుడు ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే ఎనెలెస్ చెప్పగలిగేది ఒక్కటే. చప్పుడే లేదు. నిప్పు చప్పుడు తప్ప.

తనకి భయం పోదని ఆమెకు ఎప్పుడో అర్థమైంది. కానీ ఆ భయం పెద్దవాళ్ల చేతికి వస్తే ఏమవుతుందో కళ్లారా చూసింది గనుక, పిల్లల్లోనైనా అది ముదరకుండా చూడాలనుకుంది. అందుకే పాఠాల మధ్య వాళ్లని బయటికి తీసుకెళ్లి రాళ్లు ఎత్తించేది, పుచ్చుదుంగలు దొర్లించేది.

"ఎవరింటికైనా పోతే గుమ్మంలో 'ఓడీ' అని పిలవకుండా దూరతామా?" అనేది. "రాయి కింద కూడా సంసారం ఉంటుంది. పిలిచి ఎత్తండి. చూశాక తలుపేసినట్టు మళ్లీ నెమ్మదిగా పెట్టెయ్యండి."

పిల్లలు మంచులో బోర్లా పడుకుని కన్నాల్లోకి, పగుళ్లలోకి "ఓడీ... ఓడీ..." అని గుసగుసలాడేవాళ్లు. తోటకి పోయే ఆడవాళ్లకు మనుషులు కనబడేవాళ్లు కాదు, నేలలోంచి వస్తున్నట్టు ఆ పిలుపు మాత్రం వినబడేది. బుట్టలు పట్టుకుని పరుగెత్తేవాళ్లు.

"మేడమ్, లోపలి నుంచి ఎవరైనా 'ఓడీని, రండి' అని పలికితే?" అని అడిగింది తియోంగే అనే పిల్ల. చర్చి సంఘ పెద్ద లికోంగ్వే పెద్దకూతురు.

"అప్పుడు మాత్రం ఆగకండి, పరుగెత్తండి," అంది ఎనెలెస్. "నేను మీకన్నా ముందుంటాను."

ఆ ఏడాది చిపెరోని తొందరగా దిగింది. దిగిన కొద్దిరోజులకే బడిలో గురక మొదలైంది.

జావ కోసం మొక్కజొన్న పిండి బస్తాలు పెట్టే గది ఒకటి ఉంది. పాత హెడ్మాస్టరు ముసలితనంలో అందులోనే మంచం వేసుకుని, అందులోనే పోయాడు. ఇప్పుడు ఆ గది పైకప్పులోంచి గురక వస్తోంది. పొడుగ్గా, బొంగురుగా, ఊపిరి ఆడని ముసలివాడు నిద్రపోతున్నట్టు. ఆగుతుంది. ఆగాక మళ్లీ రెండు గొంతులతో వస్తుంది. జావ వండే ఆవిడ పిండి తీసుకోవడానికి పోనంది. పిల్లలు ఆ పక్క బెంచీల మీద కూర్చోవడం మానేశారు. కొందరు బడికే మానేశారు.

"ప్రార్థన పెట్టిద్దాం," అన్నాడు హెడ్మాస్టరు ఎంక్వాటే. ఆయన నెమ్మదస్తుడు, గొడవంటే గిట్టదు. "లేకపోతే పొగ పెట్టిద్దాం. ఏదో ఒకటి."

"ముందు నేను చూస్తాను, సార్," అంది ఎనెలెస్. అన్నాక, ఎందుకన్నానా అనుకుంది.

నిచ్చెన వేసుకుని ఎక్కింది. కింద తియోంగే నిచ్చెన పట్టుకుంది. పైకప్పు చెక్క ఒకటి ఊడి ఉంది. అందులోంచి తల పెట్టగానే గురక ఆగిపోయింది. లోపల చీకటి. కుళ్లిన వాసన. రేకుల సందులోంచి సన్నటి మంచు జారుతోంది. ఆ చీకట్లో ఒక తెల్లటి ముఖం ఉంది. ముక్కు లేదు, నోరు లేదు. రెండు నల్లటి గుంటలు మాత్రం ఉన్నాయి. చూస్తుండగానే ఆ ముఖం మెల్లగా పక్కకి వాలి, వాలి, తలకిందులైంది.

ఎనెలెస్ రెండు చేతులా నిచ్చెనని గట్టిగా పట్టుకుంది.

"మేడమ్, పాత హెడ్మాస్టరేనా?" అని కింద నుంచి గుసగుసగా అడిగింది తియోంగే.

"కాదు," అంది ఎనెలెస్. "బాలింత. పిల్లల్తో ఉంది."

చావుపిట్ట. తెల్ల గూబ. ఊళ్లో కడ్జిడ్జి అంటారు, అదీ గొంతు తగ్గించి. మూలన దూదిముద్దల్లాంటి దాని కూనలు మెడలు చాచి ఆకలికి మళ్లీ గురకపెడుతున్నాయి.

ఆమె దిగేముందు చెక్కల మీద పడి ఉన్న నల్లటి ఉండలు కొన్ని చితెంజే కొంగులో మూటగట్టుకుంది. మర్నాడు పిల్లల ముందు పలకల మీద తలో ఉండ పెట్టింది. తుమ్మముల్లు ఒక్కోటి ఇచ్చింది.

"విప్పండి. తినేసి అరగనిది ఇలా ఉండ చేసి కక్కేస్తుంది. ఊరి పిల్లల్ని తింటుందంటారుగా, పిల్లలెక్కడున్నారో వెతకండి."

క్లాసులో ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం లేదు. బూడిదరంగు వెంట్రుకల్లోంచి తెల్లటి ఎముకలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. దవడలు, సూదుల్లాంటి పక్కటెముకలు, గోరంత పుర్రెలు. పిల్లలు వాటిని పలకల మీద వరసగా పేర్చారు. కిటికీ అవతల తెల్లగా మంచు, ఇవతల నల్ల పలకల మీద చిన్న చిన్న అస్థిపంజరాలు. మంచులో తోటవాళ్లు వల్లకాటి దారిన పోతుంటే, లోపలికి తొంగిచూసినవాళ్లు దణ్ణం పెట్టుకుని పోయారు.

"ఇది ఎలుక!" అన్నాడు వెనకబెంచీ వాడు. "పొలం ఎలుక. మనం తినేదే!"

"మనం ఉప్పేసి పుల్లకి గుచ్చి కాల్చుకుంటాం. ఇది పచ్చిగానే మింగేస్తోంది."

"వెంట్రుకల్తో సహా. ఛీ, వాళ్లమ్మకి వండటం రాదేమో."

అందరూ పగలబడి నవ్వారు. ఎలుకలు తినేవాళ్లంతా ఒక కులం అన్నట్టు ఆ రోజు నుంచి పిల్లలు దాన్ని చుట్టం చేసుకున్నారు. గురక వినబడితే "ఆకలేస్తోందిరా పాపం" అనుకునేవాళ్లు. పొద్దు వాలే వేళ బడి అరుగు మీద కూర్చుని అది బయటికి రావడం కోసం ఎదురుచూసేవాళ్లు. మంచులోంచి మంచు ముక్క ఊడినట్టు వచ్చేది. తలల మీదుగా పోయేది. జుట్టు కదిలేది గానీ చప్పుడయ్యేది కాదు. ఎనెలెస్ ప్రతిసారీ కళ్లు మూసుకునేది.

అది ఎటు పోతుందో చూసిందీ పిల్లలే. తోపు అంచున ఒంటిగా ఉండే గోగో నంబేవె ఇంటి కప్పు మీద వాలేది. గోగో అంటే అవ్వ. ఊళ్లో ముసలివాళ్లందరినీ అలాగే పిలుస్తారు, కానీ ఆవిణ్ణి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. మొగుడూ బిడ్డలూ ముందే పోయి, ఆవిడ మాత్రం బతికి ఉండటమే ఆవిడ చేసిన నేరం. పెరట్లో మొక్కజొన్న గాదె ఉంది. గాదె కింద ఎలుకలున్నాయి. ఎలుకల కోసం గూబ వస్తుంది. పిల్లలకు ఇది తేలిగ్గానే అర్థమైంది. పెద్దవాళ్లకు అర్థం కాలేదు. వాళ్లకు కనబడింది ఆవిడ కప్పు మీద చావుపిట్ట ఒక్కటే.

అదే వారం తియోంగే తమ్ముడికి, లికోంగ్వే చిన్నకొడుక్కి జ్వరం వచ్చింది. కళ్లు తేలేస్తున్నాడు, ఒళ్లు కొలిమిలా ఉంది. పిల్లాడి మంచం పక్కన చేరిన చుట్టాల్లో ఎవరో చిల్లంగి అన్నారు. ఇంకెవరో ఏ ఇల్లో కూడా చెప్పారు.

తియోంగే పొద్దున్నే బడికొచ్చి, ఎనెలెస్ గొడుగు పట్టుకుని నిలబడింది. ఏడవడం లేదు. మొహం మాత్రం తెల్లబోయి ఉంది.

"మేడమ్, ఇవాళ పొద్దు వాలాక నాన్నావాళ్లు గోగో ఇంటికి పోతారట. మా ఇంట్లో డబ్బా పెట్టారు. కిరసనాయిలు."

ఎనెలెస్ క్లాసు వదిలేసి గబగబా నడిచింది. హెడ్మాస్టరు దగ్గరికి పోతే ఆయన తల పట్టుకున్నాడు. "ఊరి పెద్ద ఊళ్లో లేడు. వాళ్లంతా బడికి పిల్లల్ని పంపే తండ్రులు. మనం మధ్యలో ఏం చెబుతాం? వింటారా?"

"వినరు," అంది ఎనెలెస్. "చెప్పను కూడా."

సాయంత్రం బడి వదిలాక క్లాసుని నిలబెట్టి, "ఇవాళ గూబ పాఠం గోగో వాకిట్లో," అంది. "వచ్చేవాళ్లు రండి. ఒకటే నియమం. ఎవరొచ్చినా, ఏమన్నా, కదలకూడదు, పలకకూడదు."

అందరూ వచ్చారు.

ఆ సాయంత్రం మంచు ఎంత చిక్కగా ఉందంటే గోగో ఇల్లు కూడా దగ్గరికి పోయేదాకా కనబడలేదు. వాకిట్లో, గాదె చుట్టూ, తోపు అంచు దాకా పిల్లలు దూరం దూరంగా చతికిలబడి కూర్చున్నారు. బూడిదరంగులో ఒక్కొక్కరూ ఒక్కో సమాధిరాయిలా ఉన్నారు. తడి వాళ్ల జుట్టు మీద తెల్లగా పేరుకుంది. ఎనెలెస్ గుమ్మం పక్కన కూర్చుంది. లోపల గోగో పొయ్యి ఊదుకుంటోంది.

మగవాళ్లు దారిన రావడం ముందు వినబడింది. గట్టిగా మాట్లాడుకుంటూ వస్తున్నారు, ధైర్యం కోసం మాట్లాడే మాటలు. వాకిలి దగ్గరికొచ్చి ఆగారు.

"ఇక్కడ రాళ్లెప్పుడు పాతారు?" అన్నాడొకడు.

ఎవరూ పలకలేదు.

"అది రాయి కాదురా. ఊపిరి తీస్తోంది."

మంచులో వరసగా, కదలకుండా, చిన్న చిన్న మనుషులు. చూసినకొద్దీ ఇంకొకరు, ఇంకొకరు. అందరి కళ్లూ తమ మీదే. మగవాళ్లలో ఒకడు "అమ్మో, పాతిపెట్టిన పిల్లలు!" అని ఒక్క కేక పెట్టి వెనక్కి తిరిగి పారిపోయాడు. అతని వెనక ఇంకొందరు. డబ్బా కింద పడి దొర్లింది, కిరసనాయిలు వాసన గుప్పుమంది. లికోంగ్వే మాత్రం కదలలేకపోయాడు. చేతిలోని టార్చి వెలిగించాడు. వెలుగు ఒక ముఖం మీద పడింది, ఇంకో ముఖం మీద పడింది, మూడో ముఖం దగ్గర ఆగిపోయింది.

"నాన్నా, లైటు ఆర్పు," అంది ఆ ముఖం మెల్లగా. "అది బెదురుతుంది."

ఆర్పాడు. అప్పుడు వచ్చింది. ఎటు నుంచో ఎవరూ చూడలేదు. ఉన్నట్టుండి కప్పు మీద ఉంది. తెల్లటి ముఖం ఒక్కొక్కరి మీదుగా తిరిగి లికోంగ్వే దగ్గర ఆగింది. గొంతు చించుకున్నట్టు ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపు తోపులో చాలాసేపు తిరిగింది. ఎనెలెస్ చెవులు మూసుకోలేదు గానీ పంటి కింద పెదవి తెగి రక్తం రుచి తెలిసింది. పిల్లల్లో ఒక్కరూ కదలలేదు. కప్పు మీది నుంచి అది జారి, గాదె మొదట్లో వాలి, ఏదో తొక్కిపట్టింది. కీచుమని చిన్న శబ్దం. ఎగిరి బడి వైపు మంచులో కలిసిపోయింది.

"గోగో కోసం కాదు నాన్నా," అంది తియోంగే. "ఎలుక కోసం. ఇంట్లో పిల్లలున్నాయి దానికి."

లోపల నుంచి గోగో నంబేవె కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఇంతమంది నా వాకిట్లో కూర్చుని ఎన్నేళ్లయిందో," అంది. "కూర్చో లికోంగ్వే. నీ పిల్లాడికి జ్వరమటగా. ఆసుపత్రికి తీసుకెళ్లావా, లేక నా ఇల్లు కాలిస్తే తగ్గుతుందన్నాడా డాక్టరు?"

అతను కూర్చోలేదు. కానీ డబ్బా కూడా తీసుకోలేదు. కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు. తెల్లవారగానే కొడుకుని సైకిలు మీద కట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మలేరియా. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారట. పిల్లాడు తేరుకున్నాడు. మందు వల్లనని కొందరు, ముసలిది భయపడి వదిలేసిందని కొందరు అనుకున్నారు. పిల్లలు మాత్రం ఆ తర్వాత గోగో వాకిట్లోకి రోజూ పోయేవాళ్లు. ఆవిడ వాళ్లకి కాల్చిన చిలగడదుంపలు పెట్టేది.

"ఆ పిట్టంటే భయం లేదా గోగో?" అని ఎనెలెస్ ఒకసారి అడిగింది.

"మనుషులు నా గడప తొక్కడం ఎప్పుడో మానేశారు. అదొక్కటే వస్తూ ఉండేది. దానికీ భయపడితే ఇంకెవరితో బతకనమ్మా?"

చలి చివరికొచ్చింది. అయినా మంచు వదలని ఒకరోజు, మధ్యాహ్నం గంట కొట్టాక, పిల్లలు కిటికీల దగ్గర గుమిగూడారు. గోగో ఇంటి కప్పు మీద గూబ ఉంది. పట్టపగలు. దాని కూనలు అప్పటికే ఎగిరి వెళ్లిపోయాయి. అది కిందికి చూడటం లేదు, గాదె వైపు తిరగడం లేదు. కప్పు నడిమిన, పొగ వచ్చే చోట, కళ్లు సగం మూసుకుని కూర్చుని ఉంది. పొగ రావడం లేదు.

ఎనెలెస్ గొడుగు కూడా మర్చిపోయి వెళ్లింది. గుమ్మంలో పిలిచింది. లోపల గోగో నంబేవె పొయ్యి పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో సగం ఒలిచిన మొక్కజొన్న కంకి. చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది. తల పైకెత్తి ఉంది, కప్పు వైపు చూస్తున్నట్టు.

ఎనెలెస్ బయటికొచ్చేసరికి పిట్ట లేదు.

మర్నాడు క్లాసులో ఎవరూ అల్లరి చెయ్యలేదు. ఏం చెబుతుందా అని ఆమె ముఖమే చూస్తున్నారు. చివరికి తియోంగే లేచింది.

"మేడమ్, నిన్న అది ఎలుక కోసం రాలేదు కదా."

వంద సమాధానాలు ఎనెలెస్ నాలుక చివరికొచ్చాయి. కప్పు వెచ్చగా ఉంటుందనో, మంచులో దారి తప్పిందనో. పిల్లల కళ్లలోకి చూసి అవేవీ చెప్పలేకపోయింది.

"నాకు తెలియదు," అంది.

"దానికి ముందే తెలుసా?"

"ఏమో, తియోంగే. తెలిసే వచ్చిందనుకో. అయితే ఏంటి? చావుకి వచ్చినవాళ్లని ఎవరైనా రాళ్లతో కొడతారా?"

ఆ పిల్ల కొట్టరని తల ఊపి కూర్చుంది. ఆ మధ్యాహ్నం గోగోని తోపులో పాతిపెట్టారు. గొయ్యి తవ్వినవాళ్లలో లికోంగ్వే ఉన్నాడు. మిగతావాళ్లు అలిసి ఆగినా ఆగకుండా తవ్వాడు.

ఎనెలెస్ ఆ తర్వాత చాలా ఏళ్లు అదే బడిలో పని చేసింది. పాములు, తేళ్లు, గబ్బిలాలు ఎన్నో చూపించింది. ఎంతోమంది పిల్లలు ఆమె చేతికింద చదువుకుని వెళ్లారు. ఆమె మాత్రం గూబ అరిచిన ప్రతిసారీ కళ్లు మూసుకుంటూనే ఉండేదట. రిటైరైన రోజున ఎవరో అడిగితే తనే చెప్పి నవ్వింది. ఊరు మారిపోయిందని కూడా చెప్పలేం. తోపు పక్క నుంచి పోయేటప్పుడు ఇప్పటికీ పెద్దవాళ్లు అడుగు వేగం పెంచుతారు. కానీ ఆ చుట్టుపక్కల చావుపిట్ట మీద ఎవరూ కిరసనాయిలు పోయలేదు.

గోగో ఇంట్లో ఇప్పుడెవరూ లేరు. కప్పు కుంగింది, గాదె ఒరిగింది. చిపెరోని దిగిన సాయంత్రాల్లో ఇళ్లలోంచి తల్లులు పిల్లల్ని పేరుపేరునా అన్నానికి పిలుస్తారు. పిలుపులు మంచులోకి పోతాయి, తిరిగి జవాబు రాదు. ఆ పాడుబడ్డ వాకిట్లో పిల్లలు గూబ కోసం దూరం దూరంగా, కదలకుండా కూర్చుని ఉన్నారని తల్లులకు తెలుసు. చెయ్యి పట్టుకుని లాక్కొద్దామని ఎవరూ అటు పోరు. కుండ మీద మూత పెట్టి, పొయ్యిలో నిప్పు చల్లారకుండా చూసుకుంటూ, గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తారు.